అడ్రసు చివరి ఏడు

మానవ చరిత్రలో కొన్ని అలవాట్లకు పుట్టినతేదీ లేదు. మనిషి మొదటిసారి ఎప్పుడు ఆవులించాడో, తాళం వేశాక దాన్ని ఇంకోసారి లాగి చూడడం ఏ శతాబ్దంలో మొదలైందో చెప్పగల పండితుడు ఇంకా పుట్టలేదు. నీటి సరఫరా సంస్థ మూడో అంతస్తులో, వెబ్‌సైటు విభాగంలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ఉద్యోగి అలవాటు కూడా ఈ కోవలోదే. ఏ పేజీ తెరవాలన్నా ఆయన అడ్రసు కొట్టడం పూర్తికాగానే, కుడిచెయ్యి తనంతట తానే కదిలి, చివర ఒక ప్రశ్నార్థకమూ దాని పక్కన ఒక ఏడూ పెట్టి, ఎంటర్ నొక్కి, ఏమీ ఎరగనట్టు మౌసు మీదికి వెళ్లి కూర్చునేది.

ఈ ఏడు గురించి ఆఫీసులో మూడు సిద్ధాంతాలు చలామణీలో ఉండేవి. అది ఆయన అదృష్ట సంఖ్య అని మొదటిది. సంస్థకు ఏడు సర్వర్లున్నాయనీ, ఏడోది అన్నిటికన్నా మంచిదనీ రెండోది. ఉన్నవి నాలుగే కాబట్టి ఈ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్లే ఎక్కువ. మూడోది విభాగానికి పెద్ద అయిన మేనేజరమ్మది. ఇదేదో భద్రతా నియమం అయివుంటుందనీ, అడిగితే ఆ నియమం తనకు తెలియదన్న సంగతి బయటపడుతుందనీ ఆవిడ పదకొండేళ్లుగా అడగలేదు. నేరుగా ఆయన్నే అడిగిన ఒకరిద్దరికి "ఏ ఏడు?" అన్న ఎదురుప్రశ్న దక్కింది. ముక్కు మీద కళ్లజోడు సర్దుకునేవాణ్ని ఎందుకు సర్దావని అడిగితే ఏం చెబుతాడు? ఆ విధంగా ఆయనకు ఏడుగారు అన్న పేరు స్థిరపడిపోయింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం చీటీ మీద మాత్రం మిగిలింది.

ఏడుగారికి నలభై నాలుగేళ్లు. బిల్లులు ముద్రించే గుమాస్తాగా సంస్థలో చేరాడు. కొన్నాళ్లకు సంస్థ తన వెబ్‌సైటు పేజీలు తయారుచేసి మార్చుకోవడానికి ఒక కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కొంది. మహా సంస్థల కోసమే తయారైన సరుకు అది. మామూలు మనిషికి అర్థమైతే దాని హోదాకు తక్కువ. నేర్పడానికి వచ్చిన నిపుణుడు రెండు రోజులు బొమ్మలు చూపించి, మూడో రోజు కనిపించలేదు. ఆ రెండు రోజులూ భోజనం తర్వాత కూడా మెలకువగా ఉన్నది ఏడుగారు ఒక్కడే. అలా ఆయన ఆ సిస్టమ్‌కు ప్రధాన వైద్యుడయ్యాడు.

దాని తత్త్వం ఏడుగారు వాళ్ల అక్కకు ఒకసారి విప్పి చెప్పాడు. "పేజీ అంటే ఒక గుడ్డ కాదక్కా, బొంత. హెడ్డింగు ఒకచోట ఉంటుంది, ఫొటో ఇంకోచోట ఉంటుంది, ఫోను నంబరు మరోచోట. నంబరు ముక్క ఒక్కటే ఉంటుంది కానీ, అది మూడొందల పేజీలకు అతుక్కుని ఉంటుంది."

"మరి ముక్క మారిస్తే?"

"మూడొందల బొంతలూ మారతాయి."

"వాటంతటవేనా?" అంది అక్క. ఆవిడ ముప్పయ్యేళ్లుగా బట్టలు కుడుతోంది. వాటంతటవే మారిన బొంతను ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

ఏడుగారు జాలిగా నవ్వాడు. ఆ నవ్వుకు తర్వాత తగిన శాస్తి జరిగింది.

అక్క ఆయనకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. కింద ఆవిడ కుట్టు దుకాణం, వెనక వాళ్ల ఇల్లు, పైన ఒంటిగది వాటాలో ఏడుగారు. దుకాణంలో రెండు మెషిన్లు, ఒక పొడవాటి కత్తిరింపు బల్ల, గోడకు టేపులు, దారపు ఉండల పళ్లెం. లెక్కల మాస్టారుగా రిటైరైన బావ ఆ బల్ల చివర కూర్చుని గుండీలు కుట్టి, వచ్చిన ఫోన్లు ఎత్తేవాడు. కర్టెన్లూ బడి యూనిఫారాలూ అక్క ప్రత్యేకత. ఆ దుకాణానికి ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది అక్క ఫోను నంబరే. పందొమ్మిదేళ్లుగా అదే నంబరు. బోర్డు మీద అదే, తను కుట్టిన ప్రతి కర్టెన్ మడత లోపలా చిన్న గుడ్డముక్క మీద అదే. ఊళ్లో ఎన్ని కిటికీలకు ఆవిడ కర్టెన్లు వేలాడుతున్నాయో, అన్ని చోట్ల ఆ నంబరు కుట్టి ఉంది.

బడులు తెరవడానికి మూడు వారాలుందనగా, ఒక సోమవారం ఉదయం ఆ నంబరుకు వింత ఫోన్లు మొదలయ్యాయి.

"మా వీధిలో నీళ్లు రావడం లేదండీ."

"ఇక్కడ కర్టెన్లు కుడతామండీ," అన్నాడు బావ.

"కర్టెన్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు నీళ్ల సంగతి చెప్పండి."

మధ్యాహ్నానికి ఇలాంటివి ముప్పై రెండు వచ్చాయని బావ సుద్దముక్కతో బల్ల మీద గీతలు పెట్టాడు. సంస్థ వెబ్‌సైటులో, ఫిర్యాదుల పేజీలో, ఆ నంబరే ఉందట.

సాయంత్రం ఏడుగారు ఇంటికి రాగానే అక్క సంగతి చెప్పింది. ఆయన ముఖం కొంచెం తెల్లబోయింది. కారణం ఆయనకు తెలుసు, చెప్పలేదు. వారం కిందట కొత్త ఫిర్యాదుల పేజీ తయారుచేస్తూ, నంబరు ముక్క గడిలో ఉత్తుత్తి నంబరు వేద్దామని పది సున్నాలు కొట్టాడు. సిస్టమ్ ఒప్పుకోలేదు. ఒకటి రెండు మూడు వరసగా కొట్టాడు. నిజమైన నంబరు ఇవ్వమంది. అప్పుడు చేతికి తోచిన నిజమైన నంబరు ఇచ్చాడు, తర్వాత మార్చవచ్చనుకున్నాడు. ఈ లోగా నెలాఖరు మార్పులన్నీ మూకుమ్మడిగా జనంలోకి వెళ్లాయి. వాటితో పాటు అక్కా వెళ్లింది.

"ఏదో పొరపాటు జరిగినట్టుందక్కా. నాలుగు నిమిషాల పని," అని పైకి వెళ్లి, సిస్టమ్‌లో నంబరు ముక్క తెరిచి, సంస్థ నంబరు వేసి, జనంలోకి పంపాడు. తర్వాత పేజీ తెరిచి చూసుకున్నాడు. సంస్థ నంబరు ముచ్చటగా మెరుస్తోంది. కిందికి వచ్చి, "అయిపోయింది," అన్నాడు.

మంగళవారం నలభై ఒక్క ఫోన్లు వచ్చాయి.

ఏడుగారు ఆఫీసులో పేజీ తెరిచి చూశాడు. బాగానే ఉంది. అక్కడ పేజీలు పరీక్షించే ఒక అమ్మాయి ఉంది. గడియారం చూసి టైము చెబితే రెండో గడియారం అడిగే రకం కావడం వల్ల అందరూ ఆమెను అనుమానం అంటారు. ఏడుగారు పేజీ లింకు కాపీ చేసి మెయిల్లో పంపాడు. అనుమానం ఆ లింకు నొక్కి తన కంప్యూటర్లో చూసింది, ఫోనులో చూసింది, పక్క సీటు వాళ్ల ఫోనులో చూసింది.

"మూడింట్లోనూ సంస్థ నంబరే సార్. నాకు చాలా అనుమానంగా ఉంది."

"దేని మీదమ్మా?"

"ఫోన్లు చేసేవాళ్ల మీద."

మేనేజరమ్మ కూడా అదే లింకు నొక్కి, అదే చూసి, "సమస్య లేదు" అని రాసి ఫిర్యాదు మూసేసింది. ఆవిడకు ఈ రెండు మాటలు ఎంతో ఇష్టం. విభాగంలో సగం సమస్యలు వాటితోనే పరిష్కారమయ్యేవి.

బుధవారం బావ రంగంలోకి దిగాడు. లెక్కల మాస్టారు కదా, మూలం దగ్గరికే పోదామని తన ఫోనులో సంస్థ పేజీ తెరిచి, "మా వివరాల్లో తప్పులుంటే ఈ నంబరుకు తెలపండి" అన్న చోట ఉన్న నంబరు నొక్కాడు. కత్తిరింపు బల్ల అవతలి చివర అక్క ఫోను మోగింది.

"చెప్పండి," అంది అక్క.

"మీ వెబ్‌సైటులో నంబరు తప్పుపడిందండీ."

"నాకు తెలుసండీ. మా తమ్ముడితో చెప్పాను," అంది అక్క, మెషిను ఆపకుండా.

బావ ఫోను పెట్టేసి, బల్ల మీద ఇంకో గీత పెట్టాడు.

నవ్వుకునే ఘట్టం అక్కడితో ముగిసింది. గురువారం మధ్యాహ్నం ఒక బడి పెద్ద టీచరమ్మ ఫోను చేసింది. అరవై యూనిఫారాల మాట. ప్రతి ఏడాదీ ఆ బడి అక్కదే, ఆ అరవైతోనే దుకాణానికి బడుల కాలం మొదలయ్యేది. ఆ రోజుకు అది ఇరవై తొమ్మిదో ఫోను. బావ చెవులు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి. ఆవిడ "మాకు ఎప్పటికి వస్తాయి?" అని అడగగానే, "మీ ఫిర్యాదు నమోదైందండీ, మనిషిని పంపుతాం," అని చెప్పి పెట్టేశాడు. ఆవిడ మళ్లీ చేసింది. "మెయిన్ వాల్వు ఓసారి తిప్పి చూడండి," అని బావ మళ్లీ పెట్టేశాడు. మూడోసారి ఆవిడ చెయ్యలేదు. సంగతి తెలిశాక అక్క చున్నీ భుజాన వేసుకుని బడి దాకా నడిచి వెళ్లి, వాల్వు విషయంలో క్షమాపణ చెప్పుకుని, అరవై యూనిఫారాల పనీ మళ్లీ దక్కించుకుని వచ్చింది. ఆ ఫోన్ల రద్దీలో ఇలాగే చేజారిన గిరాకీలు ఇంకెన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం ఏడుగారు మెట్లెక్కబోతుంటే అక్క పిలిచింది.

"ఒరేయ్, ఇటు రా. శనివారం సాయంత్రం దాకా చూస్తాను. ఆ తర్వాత ఈ నంబరు తీసేసి కొత్తది పుచ్చుకుంటాను."

"పందొమ్మిదేళ్ల నంబరక్కా."

"ఎన్నేళ్లదని నాకు నువ్వు చెప్పాలా? బోర్డు మార్పించుకుంటాను. ఊళ్లో కర్టెన్ల మడతలు మాత్రం ఎవరు విప్పుతారు, నువ్వా?"

"నంబరు మార్చానక్కా. నా కళ్లతో చూశాను."

"అయితే నా కళ్లకు కూడా చూపించు."

అక్క ఫోను తీసుకుని ఏడుగారు అడ్రసు కొట్టి చూపించాడు. సంస్థ నంబరు. అక్క నమ్మలేదు. ఫోను తన చేతిలోకి తీసుకుని, వెతికి, మళ్లీ తెరిచింది. తన నంబరు. ఏడుగారు ఫోను లాక్కుని తనే తెరిచాడు. సంస్థ నంబరు. బావ అడిగి తీసుకున్నాడు. అక్క నంబరు.

అదే ఫోను, అదే కుర్చీ, అదే దీపం. చెయ్యి మారితే నంబరు మారుతోంది.

బావ సుద్దముక్క తీశాడు. బల్ల మీద మూడు గళ్లు గీసి, ఒక్కొక్కరి చేత ఐదేసిసార్లు తెరిపించాడు. ఏడుగారికి ఐదింట ఐదు ఒప్పు. అక్కకు ఐదింట ఐదు తప్పు. బావకు ఐదింట ఐదు తప్పు. ఎడంచేత్తో కొట్టి చూడమన్నాడు. ఏడుగారికి ఎడంచెయ్యి కూడా ఒప్పే.

"ఇది హస్తవాసి," అని తేల్చాడు బావ. "డాక్టర్లకు ఉంటుందని విన్నాను. వెబ్‌సైట్ల వాళ్లకు కూడా ఉంటుందని ఇవాళే చూస్తున్నాను."

"బావా, మీరు లెక్కల మాస్టారు. మీరే అలా అంటే ఎలా?"

"లెక్క చెప్పిందే నేను చెబుతున్నానోయ్. పదిహేనింట పదిహేను. ఒక పని చెయ్యి, ఆఫీసుకు సెలవు పెట్టి, ఇంటింటికీ తిరిగి అందరి ఫోన్లలో నీ చేత్తో ఆ పేజీ తెరిచి ఇచ్చి రా."

ఏడుగారు నవ్వలేదు. ఆ రాత్రి తన రెండు చేతులూ దీపం కింద పెట్టి కాసేపు చూసుకున్నాడంటే, ఆయన చదువును తక్కువ చేసినట్టు కాదు. తర్కం చివరిదాకా నడిచి వెళ్లిన మనిషికి అంతకుమించి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

శుక్రవారం ఆయన మేనేజరమ్మ గదికి వెళ్లాడు.

"మేడమ్, ఆ పేజీ నేను తెరిస్తే ఒకలా, మా అక్క తెరిస్తే ఒకలా వస్తోంది."

ఆవిడ పేజీ తెరిచింది, అంటే ఏడుగారి పాత మెయిల్లో లింకు నొక్కింది. "నాకు కూడా మీలాగే వస్తోంది ఏడుగారూ. మీ అక్కగారికి కళ్లు పరీక్ష చేయించారా?"

"మా బావకూ అలాగే వస్తోంది మేడమ్."

"అయితే ఇద్దరికీ చేయించండి."

అనుమానం ఆ వెనకే నిలబడి ఉంది. "ఫోన్లలో ఇదివరకు చూసిన పేజీల చరిత్రంతా తుడిపించండి సార్," అంది. ఏడుగారు సాయంత్రం అదీ చేశాడు. నంబరు మారలేదు కానీ, అక్క ఏరి దాచుకున్న కర్టెన్ నమూనాల లింకులు అన్నీ పోయాయి. అక్క టేపు తీసుకుని బయట బోర్డు కొలవడం మొదలుపెట్టింది. అది చూసి ఏడుగారికి భయం వేసింది.

శనివారం వచ్చింది. అక్క కొత్త నంబరు కోసం ఫోను దుకాణానికి వెళ్లడానికి ఇంకా సాయంత్రం దాకా టైముంది. ఉదయమే ఏడుగారు చివరి ప్రయత్నంగా కత్తిరింపు బల్ల దగ్గర కూర్చుని తన ఫోనులో పేజీ తెరిచాడు. అక్క తన ఫోనులో తెరిచి, రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

ఇక్కడ ఆవిడ పనితనం గురించి ఒక మాట చెప్పాలి. మిగతావాళ్లు పేజీ అంటే మధ్యలో ఏముందో చదువుతారు. రెండు కర్టెన్లు జత కుదిరాయో లేదో చూసేవాళ్లు మధ్యలో పువ్వును చూడరు, పై అంచు చూస్తారు. అంచు కలిస్తే కింద పువ్వు దానంతటదే కలుస్తుంది. అక్క వంగి, రెండు ఫోన్ల పై అంచునూ వేలితో నిమురుతూ పోయింది.

"ఒరేయ్, నీ దానికి చివర కొక్కెం ఉందేంటి?"

"కొక్కెమా?"

"ఇదిగో, పైన ఈ పొడుగు రాత చివర. కర్టెన్ కొక్కెంలా వంకర తిరిగి, కింద చుక్క. పక్కన ఏడు. నా దానికి లేదు."

ఏడుగారు చూశాడు. పదకొండేళ్లుగా రోజుకు రెండొందల సార్లు తను పెట్టిన ప్రశ్నార్థకాన్ని ఆయన అప్పుడే మొదటిసారి చూశాడు.

పని నేర్పిన నిపుణుడు రెండో రోజు మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తుండగా చెప్పిన మాట ఒకటి ఎక్కడినుంచో లేచి వచ్చింది. ఆ సిస్టమ్ గుమ్మంలో ఒక బంట్రోతు ఉంటాడు. ఎవరైనా ఒక పేజీ అడిగితే, లోపలికి వెళ్లి తెచ్చి, దానికి ఒక నకలు తీసి దగ్గర పెట్టుకుంటాడు. తర్వాత అదే పేజీ ఎంతమంది అడిగినా లోపలికి వెళ్లే శ్రమ లేకుండా ఆ నకలే చేతిలో పెడతాడు. పేజీనే మారిస్తే ఆ నకలు చింపేస్తాడు. ఎక్కడో ఉన్న ముక్క మారిస్తే మాత్రం ఆ కబురు అతనికి చేరదు, పాత నకలే పంచుతూ కూర్చుంటాడు. అయితే అడ్రసు చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒకటి తగిలిస్తే, ఇదేదో కొత్త ప్రశ్న అని కంగారుపడి, ప్రతిసారీ లోపలికి వెళ్లి అసలు పేజీ తెస్తాడు. పాత నకళ్లు తగలకుండా పని చూసుకోవడానికి అదొక చిట్కా.

చిట్కా వేళ్లలోకి దిగిపోయింది, కారణం తలలోంచి జారిపోయింది. ఊరంతా నకలు చూస్తుంటే ఆయన ఒక్కడే అసలు చూస్తున్నాడు. ఆయన పంపిన లింకుకు కూడా ఆ కొక్కెం తగులుకునే ఉంది కాబట్టి, ఆఫీసంతా ఆయన చూసిందే చూసి, సమస్య లేదని రాసింది.

ఏడుగారు మేనేజరమ్మకు ఫోను చేశాడు.

"మేడమ్, నకళ్లు చింపాలి."

మూడేళ్ల కిందట ఎవరో మొత్తం నకళ్లు ఒకేసారి చింపితే సైటు ఒక పూటంతా పడుకుంది. అప్పటినుంచి ఆ మాట ఆవిడ దగ్గర ఎవరూ ఎత్తరు.

"అన్నీనా?"

"నంబరు ముక్క అతికినవే. మూడొందల పన్నెండు పేజీలు."

"సమస్య లేదన్నారుగా మీరు?"

"అన్నది మీరు మేడమ్. నేను చూపించానంతే."

"సరే, చెయ్యండి. కానీ ఎక్కడా రాయకండి," అంది ఆవిడ.

పదిన్నరకు ఏడుగారు మూడొందల పన్నెండు నకళ్లూ తీసేశాడు. అక్క తన ఫోనులో, తన చేత్తో, కొక్కెం లేకుండా పేజీ తెరిచింది. సంస్థ నంబరు. బావ తెరిచాడు. సంస్థ నంబరు. అయినా తనివి తీరక ఎడంచేత్తో కూడా తెరిచి చూసి, బల్ల మీది గళ్లు గుడ్డతో తుడిచేశాడు.

మధ్యాహ్నం దాకా ఐదు ఫోన్లు వచ్చాయి, అప్పటికే నంబరు రాసి పెట్టుకున్నవాళ్లవి. మూడు తర్వాత ఒక్కటే వచ్చింది. ఎవరిదో కిటికీ కొలత. బావ ఆ మాట మూడుసార్లు అడిగి నిర్ధారించుకుని, గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా రాసుకున్నాడు. అక్క ఫోను దుకాణానికి వెళ్లలేదు.

సాయంత్రం ఏడుగారు కింద కూర్చుని, అక్క పోగొట్టుకున్న నమూనాలు ఒక్కొక్కటే వెతికి పెడుతున్నాడు. అక్క యూనిఫారం చేతుల అంచు కుడుతోంది.

"ఇంతకీ మొదట ఆ గడిలో నా నంబరే ఎందుకు వేశావురా?"

ఏడుగారు తలెత్తలేదు. "నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం నీ ముఖం చూసినప్పుడే."

"నిజం నంబరు కావాలంది. నాకు నోటికి వచ్చిన నంబరు అదొక్కటే."

అక్క దారం పంటితో తెంపి, యూనిఫారం రెండో చేతిని మెషిను కింద పెట్టింది.

"మరి ఆ ఏడేమిటి?" అన్నాడు బావ. ఆఫీసులో పదకొండేళ్లుగా మూడు సిద్ధాంతాలను పోషించిన ప్రశ్న అది. "ఏదో ఒకటి తగిలిస్తే చాలంటున్నావు కదా. ఒకటి ఉంది, రెండు ఉంది. ఏడే ఎందుకు?"

ఏడుగారు ఆలోచించాడు. ఈసారి ఆయనకు నిజంగానే గుర్తొచ్చింది.

"నేను పని నేర్చుకున్న కీబోర్డు మీద ఎవరో టీ ఒలకబోశారు బావా. ఒకటి నుంచి ఆరు దాకా పడేవి కావు."